రాజులమ్మ కలిపిన మట్టి

మా ఆయన మట్టి మీద పుస్తకం రాశారు. ముప్ఫై రెండు పేజీలు. అట్ట మీద ఇస్త్రీ చొక్కాతో ఆయన ఫొటో, పక్కనే గులాబీ కుండీ. పాత పుస్తకాల కొట్లో ఎక్కడైనా కనిపిస్తే తెచ్చి పెట్టనా వదినా అని మా మరిది ఓసారి అడిగాడు. వద్దన్నాను. ఆ పుస్తకం ఉన్న గదిలో నేను అన్నం తినలేను. అంత రోత నాకు. ఎందుకో చెప్పాలంటే డెబ్భై నాలుగో సంవత్సరం వానాకాలం గురించి చెప్పాలి.

అప్పటికి చోడవరంలో బస్టాండుకి కాస్త ఎడంగా ఓ పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన వేంకటరమణమూర్తి హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఊళ్లో అందరికీ మూర్తి మాస్టారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మాకు పిల్లల్లేరు. వరండా పొడుగునా కుండీలు మాత్రం ఉండేవి.

ఆ ఏడు జ్యేష్ఠంలో ఆయన కడియం నుంచి పన్నెండు గులాబీ మొక్కలు తెప్పించారు. ఇంటి వెనకాల తవ్విన ఎర్రమట్టి కుండీల్లో నింపి నాటించారు. వాన పడితే నీళ్లు పైన నిలబడిపోయేవి. ఎండ కాస్తే మట్టి పెంకులా బిగిసిపోయేది. ఆకులు పసుపుపచ్చగా మారి ఒక్కోటీ రాలుతున్నాయి. ఆ ఏడు ఎరువులకి కరువు. రైతులకే బస్తా దొరకడం లేదు. అయినా ఎవర్నో పట్టుకుని డబ్బాడు తెల్ల ఎరువు తెచ్చి తలో గుప్పెడూ వేశారు. మూడు రోజుల్లో రెండు మొక్కలు మాడిపోయాయి.

ఆ మాడిన మొక్కలు పీకుతుండగా రాజులమ్మ వచ్చింది. ఊరి చివర పేటలో ఉండేది. యాభై ఏళ్లుంటాయి. వంగనారు, మిరపనారు, టమాటా నారు కట్టలు కట్టి గంపలో పెట్టుకుని వీధులెంట అమ్మేది. గంప దించకుండానే కుండీ వైపు చూసింది.

"ఏటమ్మా ఇది? మొక్కల్ని ఇటికల్లో కప్పెట్టేసేరు?"

"మట్టే కదా రాజులమ్మా!"

"మట్టి కాదిది. గోడకి మెత్తుకోండి, బాగుంతాది. మొక్కకి ఊపిరాడొద్దా?"

మర్నాడు పొద్దున్నే అడక్కుండానే తట్టలు మోసుకొచ్చింది. ఎండబెట్టి చిదిపిన చెరువు మట్టి ఒక తట్ట. రెండేళ్లు మాగిన పశువుల పెంట ఒక తట్ట. గెడ్డ వాగులో తీసిన ఇసక సగం తట్ట, రైసుమిల్లు ఊక కాల్చిన బూడిద సగం తట్ట. కొంగున కట్టుకొచ్చిన వేపపిండి కొంచెం. పెరట్లో గోనెపట్టా పరిచి అన్నీ పోసి, కూచుని రెండు చేతులతో కలపడం మొదలుపెట్టింది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఆ పెంటలోంచి ఎర్రటి వానపాము ఒకటి మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. నేను ఇంకో అడుగు వెనక్కి వేశాను.

"ఇలా రండమ్మా, వాసన సూడండి," అంది రాజులమ్మ. "పచ్చి పెంటయితే కంపు. మాగిపోతే కంపుండదు."

తప్పక వంగి చూశాను. నిజమే, కంపు లేదు. తొలకరికి తడిసిన చేనులా ఉంది.

"రెండు పాళ్లు మట్టి, రెండు పాళ్లు పెంట, ఒక పాలు ఇసక, ఒక పాలు బూడిద. పురుగు రాకుండా గుప్పెడు వేపపిండి. అంతే. ఏదీ కొనక్కర్నేదు. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాల. ఏలుతో పొడిస్తే ఇడిపోవాల. ఇడిపోకపోతే ఇంకాస్త ఇసకెయ్యి. అసలు ముద్దే అవకపోతే ఇసక ఎక్కువైనట్టు. నొక్కి సూడండి!"

నొక్కాను. నా పిడికిట్లో మట్టి ముద్దయింది. వేలు పెడితే మెత్తగా విడిపోయింది. రాజులమ్మ పకపకా నవ్వింది. "సేతులంటుకున్నాయని బెంగా? నీళ్లున్నాయి, కడుక్కుంటే పోద్ది."

ఆ నెలంతా ఆమె దగ్గర నేర్చుకున్నాను. పెరటి మూల గొయ్యి తవ్వించింది. ఆకులూ, కూర తుక్కూ, పేడా పొరలు పొరలుగా వేసి తడపమంది. మధ్య మధ్య గునపంతో తిరగెయ్యమంది. కుండీ అడుగున కన్నం మీద పెంకు ముక్క బోర్లించడం, దాని మీద కొబ్బరి పీచు వేసి అప్పుడు మట్టి నింపడం చూపించింది. పని అయ్యాక నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. ఆమె గ్లాసు వేరే ఉండేది, చూరులో దోపి. సొట్టపడ్డ సత్తు గ్లాసు. అది ఎవరు పెట్టిన పద్ధతని అడక్కండి. నేనే పెట్టాను. అప్పట్లో అది నాకు తప్పనిపించలేదు.

శ్రావణం వచ్చేసరికి గులాబీలు విరగబూశాయి. వీధిలో వాళ్లు ప్రహరీ మీంచి తొంగిచూసి వెళ్లేవారు. నలుగురైదుగురు మట్టి పట్టుకెళ్లారు. మా ఆయన మాత్రం పెరట్లోకి వచ్చేవారు కాదు. వరండాలో పడక్కుర్చీలో కూచుని, ముక్కు మీద చేతిరుమాలు వేసుకుని పేపరు చదివేవారు. "ఆ కంపు పనేదో నేను స్కూలుకి వెళ్లేక పెట్టుకోండి," అనేవారు. రోజూ పొద్దున్న గడ్డం గీసుకోడానికి మాత్రం నూతి దగ్గరికి వచ్చేవారు. అక్కడ గోడకి అద్దం తగిలించి ఉండేది. వాడేసిన బ్లేడు అక్కడి నుంచే గోతిలోకి విసిరేసేవారు. నేను చూసి ఓసారి చెప్పాను, అందులో చేతులు పెడతామండీ అని.

"మరెక్కడ పడెయ్యమంటావు, బీరువాలోనా?" అన్నారు.

నేను మళ్లీ చెప్పలేదు. నా కంటబడ్డవి మాత్రం ఏరేసేదాన్ని.

ఒక ఆదివారం ఆయన నన్ను పిలిచి కాగితాలు, కలం తెమ్మన్నారు. నా దస్తూరి బాగుంటుందని ఆయన రాసేవన్నీ నాచేత రాయించేవారు. పాళ్లెంతో అడిగారు. చెప్పాను. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు.

"శీర్షిక: ఖర్చు లేని కుండీ మట్టి. రాయి. 'అనేక ప్రయోగాల అనంతరం నేను రూపొందించిన ఈ మిశ్రమం...'"

నా కలం ఆగింది. "రాజులమ్మ కదండీ చెప్పింది?"

"రాజులమ్మ చెప్పిందని రాస్తే ఎవడు చదువుతాడోయ్? నారమ్ముకునేది చెప్పిందంటే ఎడిటరు చెత్తబుట్టలో వేస్తాడు. సైంటిఫిక్‌గా ఉండాలి. రాయి."

రాశాను. వంకర లేకుండా, గుండ్రంగా రాశాను. చివర 'నా శ్రీమతి సహకారంతో' అని చేర్పించారు. దానికి నేను సంతోషించాను కూడా. ఇది దాచడంలో అర్థం లేదు.

అది ఒక వ్యవసాయ మాసపత్రికలో పడింది. ఎక్కడెక్కడి నుంచో కార్డులొచ్చాయి. ఎరువులు దొరకని రోజులు కదా, జనానికి నచ్చింది. బజారులో మా ఆయన్ని ఆపి మట్టి గురించి అడిగేవారు. ఆయన నడకే మారిపోయింది. అంతలో విశాఖపట్నం నుంచి సత్యారావుగారని ఒకాయన ఉత్తరం రాశారు. పట్నంలో పెద్ద పెద్దవాళ్లు కలిసి పెట్టుకున్న తోటల సంఘానికి ఆయన కార్యదర్శి. వచ్చే ఆదివారం సభ్యులతో వచ్చి మీ ప్రయోగశాల చూస్తాం, బాగుంటే మీచేత చిన్న పుస్తకం రాయించి అచ్చు వేయిస్తాం, అని.

"ప్రయోగశాల అన్నాడోయ్!" అన్నారు మా ఆయన ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి. కుమ్మరాళ్ల దగ్గర నుంచి నలభై కొత్త కుండీలు దింపించారు. ఆదివారానికి అన్నీ నిండాలి. రాజులమ్మని రోజూ రమ్మన్నారు.

గురువారం పొద్దున్న ఆమె గోతిలోంచి ఎరువు చేతులతో ఎత్తి జల్లెడలో పోస్తోంది. నేను జల్లెడ పడుతున్నాను. "అబ్బా!" అని చెయ్యి లాక్కుంది. కుడి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా తెగింది. రక్తం నల్లటి ఎరువు మీద పడి అందులోనే ఇంకిపోతోంది. రెండో చేత్తో గోతిలో తడిమి, తుప్పు పట్టిన సగం బ్లేడు బయటికి తీసింది. దాన్ని చూసింది. తలెత్తి నూతి దగ్గర గోడకున్న అద్దం వైపు చూసింది. బ్లేడుని ఆకులో చుట్టి గోడ సందులో పెట్టింది. "మల్లీ ఎవలికేనా గుచ్చుకుంతాది," అంది.

నేను వరండాలోకి పరిగెత్తాను.

"పెంటలో రాజులమ్మ చెయ్యి తెగిందండీ. లోతుగా తెగింది. ఆసుపత్రికి తీసుకెళ్లి సూది వేయిస్తాను."

ధనుర్వాతం పాఠం ఆయన ప్రతి ఏడూ పిల్లలకి చెప్పేవారు. పశువుల పెంటలో, తుప్పు పట్టిన ఇనుములో ఆ క్రిమి ఎలా ఉంటుందో, గాయంలోంచి ఒంట్లోకి ఎలా వెళుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవారు. ఆ బొమ్మ ఇంటి దగ్గర ప్రాక్టీసు చేస్తుంటే నేను చూశాను.

"ఇప్పుడా?" అన్నారు పేపరు దించి. "ఇప్పుడు వెళ్తే క్యూలో మధ్యాహ్నం దాటిపోతుంది. కుండీలెవరు నింపుతారు, నువ్వా నేనా? ఆదివారం అయ్యేక వెళ్లొచ్చులే. కాస్త పసుపు పెట్టి గుడ్డ కట్టు."

"తుప్పు బ్లేడండీ."

"వాళ్లకేం కాదోయ్. పుట్టినప్పట్నుంచీ అందులోనే కదా వాళ్ల చేతులు."

నేను వంటింట్లోకి వెళ్లి పసుపు తెచ్చాను. పాత చీర చింపి కట్టు కట్టాను. "పరవానేదమ్మా," అంది రాజులమ్మ. ఆ చేత్తోనే ఆ వేళ పదిహేను కుండీలు నింపింది.

ఆదివారం రెండు కార్లలో ఎనిమిది మంది వచ్చారు. ఆడవాళ్లు కొంగులు, మగవాళ్లు చేతిరుమాళ్లు ముక్కులకి పెట్టుకుని పెరట్లో నిలబడ్డారు. రాజులమ్మని స్నానాల గది వెనకాల ఉండమన్నారు మా ఆయన. కేక వేస్తే నీళ్లు తేవాలి, లేకపోతే కనబడకూడదు. ఆయన కుడిచేతికి బట్టల కొట్టువాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచీ తొడుక్కున్నారు. దాంతో గుప్పెడు మట్టి ఎత్తి, ముద్ద చేసి, వేలుతో పొడిచి చూపించారు. అందరూ ఆహా అన్నారు.

"ఇంత పని ఎవరు చేస్తారండీ మీకు?" అని సత్యారావుగారు అడిగారు.

"అంతా మేమేనండీ. నేనూ మా ఆవిడా," అన్నారు మా ఆయన. నేను పకోడీల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. అందరూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

"పేడ లేకుండా చెయ్యడం కుదరదాండీ?" అని ఒకావిడ అడిగింది. దాని మీద చాలాసేపు చర్చ జరిగింది.

కార్లు వెళ్లాక మిగిలిన టీ సొట్టగ్లాసులో పోసి రాజులమ్మకి ఇచ్చాను. గోడకి చేరబడి కూచుని తాగుతూ, "బాబుగోరు బాగా సెప్పేరమ్మా. ఇసక పాలొకటి మరిసిపోయేరు," అని నవ్వింది.

"రేపు ఆసుపత్రికి వెళ్దాం రాజులమ్మా."

"మానిపోయింది, సూడండి," అని కట్టు విప్పి చూపించింది. పసుపుతో కలిసి పక్కు కట్టింది. వాపు లేదు. నాకు మనసు తేలికయింది. ఆ తేలికతనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత శుక్రవారం మధ్యాహ్నం రాజులమ్మ కూతురు దేముడమ్మ వచ్చింది. వీధి గుమ్మంలోనే నిలబడింది. ఆ పిల్లకి ఇరవై రెండేళ్లుంటాయి. పెళ్లయింది, చంకలో పాప.

"అమ్మ నోరు తెరవట్నేదమ్మా. రాత్రినించి మెడ పట్టేసిందనీసింది. ఇప్పుడు గెంజి పోస్తంటే పక్కనించి కారిపోతంది."

నేను చెప్పులేసుకుని ఆమె వెనకాలే వెళ్లాను. రాజులమ్మ ఇంటికి వెళ్లడం అదే మొదలు. మూడు నెలలు మా పెరట్లో పనిచేసిన మనిషి ఇల్లు ఎక్కడో కూడా నాకు తెలియదు. నులకమంచం మీద పడుకుని ఉంది. దవడలు బిగుసుకుని, పెదాలు రెండు పక్కలకీ సాగిపోయి, పళ్లు కనిపిస్తున్నాయి. దూరం నుంచి చూస్తే నవ్వుతోందనుకుంటారు. ఎవరో గిన్నె మీద మూత జారవిడిచారు. ఆ చప్పుడికి ఆమె ఒళ్లంతా విల్లులా వంగి మంచం మీంచి లేచింది. కళ్లు మాత్రం మామూలుగా ఉన్నాయి. నా వైపే చూస్తున్నాయి.

రాజులమ్మ తమ్ముడు తవిటయ్య అప్పటికే ఆసుపత్రి నుంచి డాక్టరుని తీసుకొచ్చాడు. ఆయన ఆమె చెయ్యి చూసి, కట్టు విప్పి చూసి, "ఎప్పుడు తగిలింది?" అన్నాడు. "గురువారం... పోయిన వారం గురువారం," అన్నాను నేను. "ధనుర్వాతం. ఇక్కడ అయ్యేది కాదు. వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి," అన్నాడు. తవిటయ్య టాక్సీ కోసం పరిగెత్తాడు.

నేను ఇంటికి వచ్చేసరికి మా ఆయన స్కూలు నుంచి వచ్చేసి ఉన్నారు. చెప్పాను. ఆయన పడక్కుర్చీలోంచి చటుక్కున లేచారు. మొహం పాలిపోయింది.

"ధనుర్వాతమా? ఖాయంగా అన్నాడా?"

"అన్నాడు."

తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నారు. "మొన్న నాకు గులాబీ ముల్లు గుచ్చుకుంది కదోయ్," అన్నారు. గబగబా చొక్కా తొడుక్కుని, బొత్తాలు కూడా పెట్టుకోకుండా బయటికి వెళ్లారు. టాక్సీ కదిలేలోగా పేటకి వెళ్లి ఆమెని చూస్తారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తోడుగా పట్నం దాకా కూడా వెళ్తారేమోనని ఓ జత బట్టలు తీసి సంచీలో పెట్టాను.

అరగంటలో తిరిగొచ్చారు. ఎడమ భుజం రుద్దుకుంటున్నారు.

"సూది వేయించుకున్నాను. ఎవరూ లేరోయ్ అక్కడ, పది నిమిషాల్లో అయిపోయింది. నువ్వూ వెళ్లి వేయించుకో. మట్టిలో చేతులు పెట్టేవు కదా," అన్నారు. కుర్చీలో కూచుని, "కాఫీ ఉందా?" అన్నారు.

కాఫీ ఇచ్చాను. సంచీలో పెట్టిన బట్టలు తీసి మళ్లీ పెట్టెలో సర్దాను.

రాజులమ్మ నాలుగో రోజున పోయింది. పెద్దాసుపత్రిలో చెయ్యగలిగిందంతా చేశారట, కానీ సూది మొదట్లోనే పడి ఉండాల్సిందన్నారట. కబురు కూరలమ్మే మంగాయమ్మ తెచ్చింది. మా ఆయన "అయ్యో పాపం" అన్నారు. కాసేపాగి, "ఆ మిగిలిన మట్టి ఎవరిచేతైనా బయట పారబోయించు," అన్నారు. నలభై కుండీల్లోవి మాత్రం పారబోయించలేదు. వాటిని తోటల సంఘంవాళ్లు అడిగారు, పట్నం నుంచి లారీ వస్తుంది.

రెండు వారాలు గడిచాయి. నేను వండుతున్నాను, పెడుతున్నాను. ఆయన అన్నం కలుపుకుంటుంటే ఆ వేళ్లు చూడలేక గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని. అనవలసింది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వాళ్లింటికి వెళ్దామని రెండుసార్లు బయల్దేరి వీధి చివర దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

పుస్తకం పని మొదలయింది. పొద్దున్న పూట, స్కూలుకి వెళ్లే ముందు ఒక గంట ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. చివరి భాగం పేరు 'జాగ్రత్తలు'. ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నారు.

"'ఎరువు జల్లించేటప్పుడు గాజు పెంకులు, మేకులు, పాత బ్లేడులు లేకుండా చూసుకోవలెను. ఏమాత్రం ఏమరుపాటు పనికిరాదు. మేమెరిగిన ఒక కూలిమనిషి స్వీయ అజాగ్రత్త వలన చేతికి గాయము చేసుకుని...'"

అజాగ్రత్త అన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది.

"ఎవరి అజాగ్రత్తండీ?" అన్నాను.

"వాక్యం పూర్తి కానీ."

"ఎవరిదండీ?"

ఆయన నిలబడి నా వైపు విసుగ్గా చూశారు. "పాఠకుడికి అదంతా ఎందుకోయ్? ఊరికే జాగ్రత్త అంటే ఎవడూ వినడు. ఇలా నిజంగా జరిగిన ఉదాహరణ ఒకటి పడితే మనసుకి పట్టుకుంటుంది. పుస్తకానికి బలం. రాయి, 'తగిన సమయంలో సూది మందు వేయించుకొననందున...'"

వాంతి వస్తుందనుకుని పెరట్లోకి వెళ్లి నూతి చప్టా దగ్గర వంగి నిలబడ్డాను. రాలేదు. మొహం కడుక్కున్నాను. లోపలికి వచ్చి కలానికి మూత పెట్టి, కాగితాలు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు.

"పేటకి."

"ఇప్పుడా? మరి ఇది?"

జవాబు చెప్పకుండా వెళ్లాను. ఈసారి వీధి చివర ఆగలేదు.

దేముడమ్మ ఇంటి ముందు నారుమడికి నీళ్లు చల్లుతోంది. పాపని అరుగు మీద పడుకోబెట్టింది. నన్ను చూసి చెంబు కింద పెట్టింది గాని రమ్మనలేదు.

"మీ అమ్మ చెయ్యి తెగిన బ్లేడు మా ఇంటిదే దేముడమ్మా," అన్నాను. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ పోయి అదొక్కటే వచ్చింది.

"తెలుసు."

"తెలుసా?"

"అమ్మ ఆ రోజే సెప్పింది. మాస్టారు బాబు గెడ్డం గీసుకున్న బ్లేడూ అని. ఎవలితోనూ అనకు, ఆ అమ్మ మంచిది, బాధపడతాది అంది. మజ్జిగిస్తాది, పసుపెట్టి కట్టు కట్టింది అంది." దేముడమ్మ నా మొహంలోకి సూటిగా చూసింది. "మా అమ్మ అలగ అనేసింది. నాను అననమ్మా. మీరు సదువుకున్నోరు. సూది ఎయ్యాలని మీకు తెలుసు. తెలిసీ పసుపెట్టేరు."

"తెలుసు," అన్నాను. "ఆసుపత్రికి తీసుకెళ్తానని ఆయన్నడిగాను. కుండీలు నింపాక అన్నారు. నేను సరేనన్నాను."

పాప కదిలితే దేముడమ్మ వెళ్లి ఎత్తుకుంది.

"ఊళ్లో ఏటంతన్నారో తెలుసా? రాజులు ఒళ్లు తెలీకుండా పని సేసీసి సేతులు కోసుకుందంతన్నారు. మా మావే అంతన్నాడు, మీ అమ్మకి తొందరెక్కువా అని. ఇప్పుడు నాతో సెప్పినారు గదా, ఆలందరి ముందరా సెప్తారా?"

"చెప్తాను."

ఆమె తవిటయ్యని పిలిచింది. ఆ పక్క ఇళ్లలోంచి నలుగురూ వచ్చారు. చూస్తుండగా పాతిక మంది దాకా అయ్యారు. పొలాలకి వెళ్లబోతున్న వాళ్లు, బొరిగెలు చేత పట్టుకుని నిలబడ్డారు. అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"రాజులమ్మ తప్పేం లేదు," అన్నాను. "బ్లేడు మా ఆయన గోతిలో పారేశారు. పారేస్తున్నారని నాకు తెలుసు. చెయ్యి తెగినప్పుడు సూది వేయించకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. పని ఆగిపోతుందని పంపలేదు. ఆ మట్టి కలపడం కనిపెట్టింది కూడా మా ఆయన కాదు. రాజులమ్మే. అంతా ఆవిడ చెప్పిందే."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఒక ముసలావిడ గట్టిగా నిట్టూర్చి వెళ్లిపోయింది. తవిటయ్య తలగుడ్డ తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు. "సెప్పేరు. ఇంక ఎల్లండి."

వచ్చేశాను. నేను ఇల్లు చేరేలోగా మాట ఎలా చేరిందో, సాయంత్రం మా ఆయన స్కూలు నుంచి వస్తూనే సంచీ విసిరికొట్టారు.

"పేటలోకెళ్లి ఏం వాగేవు?"

"జరిగింది చెప్పాను."

"నా పరువు? నా ఉద్యోగం? ఎవడైనా కేసు పెడితే?" అన్నారు. అటు తిరిగి, ఇటు తిరిగి, అరిచి, అలిసిపోయి కూచున్నారు. "పట్నం వాళ్లకి తెలిస్తే పుస్తకం గతేమిటో ఆలోచించేవా?" అన్నారు చివరికి. అప్పుడు మాత్రం చేతిరుమాలు తీసి కళ్లొత్తుకున్నారు.

"ఇకమీదట మీ వంట మీరు చేసుకోండి," అన్నాను. "మీకు వండి పెట్టడం నా వల్ల కాదు. చూస్తే వికారంగా ఉంది."

ఆయన నవ్వారు. రెండు రోజుల్లో నాకే బుద్ధొస్తుందనుకున్నారు. నాలుగు రోజులు హోటల్లో తిన్నారు. అయిదో రోజు వంటింటి గుమ్మంలో నిలబడి కిరసనాయిలు స్టవ్ ఎలా వెలిగించాలో అడిగారు. చెప్పాను.

కేసు ఎవరూ పెట్టలేదు. పుస్తకం వచ్చింది. ఎవరిచేతో రాయించుకున్నారు. ఆ కూలిమనిషి వాక్యం అందులో అలాగే ఉంది. మరుసటి ఏడు నర్సీపట్నం వైపు బదిలీ చేయించుకున్నారు. నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండే దారి నాకు కనిపించలేదు. ఎస్సెల్సీ సర్టిఫికెట్టు పెట్టె అడుగు నుంచి తీసి, అక్కడ టైపు నేర్చుకుని, ఒక వకీలుగారి దగ్గర పనికి కుదిరాను. మా ఆయన పోయేదాకా, పందొమ్మిదేళ్లు, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. చివర్లో జబ్బు చేస్తే మందులిచ్చాను, పక్క మార్చాను. వండి మాత్రం పెట్టలేదు. పక్కింటివాళ్లు క్యారేజీ పంపేవారు.

ఎవరైనా ఇంటికొచ్చి రెండు వంటలేమిటండీ అని ఆశ్చర్యపోతే, "మా ఆవిడకి మడి ఎక్కువండీ," అనేవారు ఆయన. వాళ్లు నా వైపు గౌరవంగా చూసేవారు. నన్నడిగినవాళ్లు మాత్రం మొత్తం మీద ముగ్గురే. ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లలో ఇద్దరు మళ్లీ మా గడప తొక్కలేదు.